నీళ్ల డబ్బా నుంచి కూలెంట్ దాకా: మోటారు ఇంజను శీతలీకరణ చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
- మోటారు ఇంజనును ఎందుకు చల్లబరచాలో చెప్పగలుగుతారు.
- శీతలీకరణ వ్యవస్థలోని భాగాలను, అవి వచ్చిన క్రమాన్ని వివరించగలుగుతారు.
- ఈ మార్పు వాహనం నడిపేవారి పనిని ఎలా మార్చిందో విశ్లేషించగలుగుతారు.

1. పరిచయం

హైదరాబాదులోని షేక్‌పేటలో కుతుబ్‌షాహీల కాలం నాటి సరాయి ఒకటి ఉంది. గోల్కొండకు వచ్చిపోయే బాటసారులు, వారి పశువులు ఆగి సేదదీరడానికి కట్టిన విడిది అది. నేడు అదే షేక్‌పేటలో, 2022 జనవరి 1న ప్రారంభమైన సుమారు 2.8 కిలోమీటర్ల ఫ్లైఓవర్ మీద కార్లు ఆగకుండా సాగిపోతున్నాయి. గుర్రానికి దాహం వేస్తుంది, కారుకు వేయదు కదా అని మనకు అనిపిస్తుంది. కాని తొలినాటి మోటారు బండ్లు కూడా దారిలో ఆగి నీళ్లు పోయించుకున్నవే. ఆ నీళ్లు చూసుకునే పని మనిషి చేతి నుంచి యంత్రంలోకి ఎలా మారిందో ఈ భాగంలో తెలుసుకుందాం.

2. ఇంజనును ఎందుకు చల్లబరచాలి?

సిలిండరులో ఇంధనం మండినప్పుడు వాయువుల ఉష్ణోగ్రత 2,000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. అల్యూమినియం 660 డిగ్రీలకే కరిగిపోతుంది. ఇంధనం ఇచ్చే శక్తిలో స్థూలంగా మూడింట ఒక వంతు మాత్రమే బండిని నడుపుతుంది. మరో వంతు పొగగొట్టం గుండా పోతుంది. మిగిలిన వంతులో ఎక్కువ భాగాన్ని శీతలీకరణ వ్యవస్థ బయటికి మోయాలి. అలా మోయకపోతే నూనె పలుచబడి, పిస్టన్ వ్యాకోచించి సిలిండరులో బిగుసుకుపోతుంది. మెకానిక్కులు దీన్నే ‘ఇంజన్ సీజ్ అయింది’ అంటారు.

ఒక విషయం గమనించండి. ఇంజను మరీ చల్లగా ఉన్నా నష్టమే. ఇంధనం సరిగా మండదు, భాగాలు త్వరగా అరుగుతాయి. కాబట్టి అదనపు వేడిని తీసివేస్తూనే ఇంజనును తగిన వేడిమిలో నిలపడం ఈ వ్యవస్థ పని.

3. తొలి దశ: దారి పొడవునా నీళ్లు

1886లో కార్ల్ బెంజ్ పేటెంట్ పొందిన మూడు చక్రాల బండిలో, సిలిండరు చుట్టూ ఉన్న నీరు మరిగి ఆవిరైపోవడం ద్వారా ఇంజను చల్లబడేది. ఆవిరైన నీటి స్థానంలో మళ్లీ నీళ్లు పోయాలి. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్ ఇద్దరు కొడుకులతో మాన్‌హైమ్ నుంచి ఫోర్‌జైమ్ వరకు, సుమారు 100 కిలోమీటర్లు, ఈ బండి మీద ప్రయాణించారు. దారిలో నీళ్లు దొరికిన చోటల్లా ఆగి నింపుకోవలసి వచ్చింది.

పోసిన నీటినే మళ్లీ మళ్లీ వాడుకోవాలంటే దాని వేడిని గాలికి వదిలించాలి. ఈ పనికి విల్‌హెల్మ్ మేబాక్ తేనెపట్టు ఆకారపు రేడియేటరును రూపొందించాడు. 1901 నాటి మెర్సిడెస్ కారులోని ఈ రేడియేటరులో 8,070 చిన్న గొట్టాలు ఉండేవి. గొట్టాల గుండా గాలి వీస్తుంటే వాటి చుట్టూ నీరు ప్రవహించేది. గాలి తగిలే వైశాల్యం పెరగడంతో 9 లీటర్ల నీరే సరిపోయింది.

1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ కార్లలో మొదటి కొన్నింటిని మినహాయిస్తే పంపు ఉండేది కాదు. పొయ్యి మీది ఎసరులో వేడెక్కిన నీరు తేలికై పైకి రావడం మీరు చూసే ఉంటారు. అదే సూత్రంతో ఇంజనులోని వేడి నీరు పైకి లేచి రేడియేటరులోకి వెళ్లేది. అక్కడ చల్లబడి, బరువెక్కి, కిందినుంచి తిరిగి ఇంజనుకు చేరేది. దీనిని థర్మోసైఫన్ పద్ధతి అంటారు.

4. హైదరాబాదు రాష్ట్రంలో మోటారు బస్సు

1932 జూన్ 15న నిజాం స్టేట్ రైల్వేకు చెందిన రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ప్రారంభమైంది. నేటి ఆర్టీసీకి మూలం ఇదే. స్కాట్లాండుకు చెందిన ఆల్బియన్ కంపెనీ బస్సులు నాడు ఇక్కడి రోడ్ల మీద తిరిగాయి. వీటివి నీటితో చల్లబడే ఇంజన్లు.

దక్కన్ పీఠభూమి ఇటువంటి ఇంజన్లకు పరీక్ష పెడుతుంది. ఎండాకాలంలో గాలి వేడిగా ఉంటుంది కాబట్టి రేడియేటరు నుంచి వేడి త్వరగా పోదు. పైగా హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. ఇక్కడ మూత బిగించని పాత్రలో నీరు 100 డిగ్రీలకు బదులు సుమారు 98 డిగ్రీలకే మరుగుతుంది. ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ వంటి గుట్టల దారుల్లో బండి నెమ్మదిగా, తక్కువ గేరులో ఎక్కుతుంది. ఇంజనుకు శ్రమ ఎక్కువ, రేడియేటరుకు తగిలే గాలి తక్కువ.

అందుకే బయలుదేరే ముందు రేడియేటరులో నీళ్లు చూడటం, డబ్బాతో నీళ్లు వెంట ఉంచుకోవడం డ్రైవరు, క్లీనరుల దినచర్యలో భాగమయ్యాయి. రవాణా చరిత్ర బస్సుల సంఖ్యను, మార్గాలను నమోదు చేస్తుంది. ఈ చిన్న పని గురించి అందులో ఒక వాక్యం కూడా అరుదు. బండి గమ్యం చేరడం మాత్రం దీని మీదే ఆధారపడేది.

5. యంత్రమే బాధ్యత తీసుకున్న క్రమం

కాలక్రమంలో ఈ పనులు ఒక్కొక్కటిగా పరికరాలకు మారాయి.

పంపు: బెల్టుతో తిరిగే పంపు నీటిని సిలిండర్ల చుట్టూ ఉన్న ఖాళీలోకి, అక్కడి నుంచి రేడియేటరులోకి నెడుతుంది.

థర్మోస్టాట్: ఇంజను వేడెక్కేదాకా రేడియేటరు దారిని మూసి ఉంచే కవాటం ఇది. సాధారణంగా 80–90 డిగ్రీల మధ్య, లోపలి మైనం కరిగి వ్యాకోచించడంతో ఇది తెరుచుకుంటుంది.

ఒత్తిడి మూత: మన ఇంటి ప్రెషర్ కుక్కరు సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. ఒత్తిడి పెరిగితే నీరు మరిగే ఉష్ణోగ్రత కూడా పెరుగుతుంది.

కూలెంట్: 1920ల చివరి నుంచి ఇథిలీన్ గ్లైకాల్ కలిపిన ద్రవాలు కార్లలోకి వచ్చాయి. చలి దేశాల్లో నీరు గడ్డకట్టకుండా ఇది కాపాడింది. నీరు గడ్డకట్టని హైదరాబాదులో దీని అవసరం ఏమిటి? ఇది మరిగే ఉష్ణోగ్రతను పెంచుతుంది. ఇందులో కలిపే ఇతర రసాయనాలు తుప్పును ఆపుతాయి. లవణాలు ఎక్కువగా ఉన్న బోరు నీళ్లు పోస్తే లోపల పొలుసు కట్టి సన్నని గొట్టాలు పూడుకుపోతాయి. అందుకే కూలెంటులో శుద్ధి చేసిన నీటినే కలపాలి.

విద్యుత్ ఫ్యాన్: పాత అంబాసిడర్ కారులో ఫ్యాన్ ఇంజను బెల్టుతో తిరిగేది. ట్రాఫిక్‌లో ఇంజను నెమ్మదిస్తే ఫ్యాన్ కూడా నెమ్మదించేది. 1983లో వచ్చిన మారుతి 800 వంటి కార్లలో విద్యుత్ ఫ్యాన్ ఇంజను వేగంతో సంబంధం లేకుండా, వేడిని బట్టి తిరుగుతుంది. కూడలిలో కారు నిలిచి ఉన్నా రేడియేటరుకు గాలి అందుతుంది.

6. మార్పు అర్థం

ఈ మార్పు వల్ల డ్రైవరు శ్రమ తగ్గింది, ప్రయాణం మీద భరోసా పెరిగింది. అదే సమయంలో ఒక తెలివిడి మరుగున పడింది. నీళ్ల డబ్బా మోసిన క్లీనరుకు తెలిసిన విషయం నేటి కారు యజమానికి తెలియకపోవచ్చు. వేడిని చూపే ముల్లు ఎరుపులోకి వెళ్లినా పట్టించుకోకుండా నడిపితే కొద్ది నిమిషాల్లో ఇంజను పాడవుతుంది. ఆత్రంగా మూత తీయడం మరింత ప్రమాదం. లోపల ఒత్తిడి ఒక్కసారిగా తగ్గి, 100 డిగ్రీలు దాటి ఉన్న ద్రవం ఆవిరిగా ఎగజిమ్మి ముఖం, చేతులు కాలుతాయి. బండిని పక్కకు ఆపి, ఇంజను పూర్తిగా చల్లారేదాకా ఆగాలి.

7. సారాంశం

బెంజ్ బండిలో ఆవిరైపోయిన నీరు, మేబాక్ రేడియేటరుతో తిరిగి వాడుకునే నీరైంది. పంపు, థర్మోస్టాట్, ఒత్తిడి మూత, కూలెంట్, విద్యుత్ ఫ్యాన్ చేరడంతో మనిషి చేసిన పని యంత్రానికి దక్కింది. నేటి విద్యుత్ కార్లలో ఇంజను లేకపోయినా, చాలావాటిలో బ్యాటరీని చల్లబరచడానికి ద్రవం ప్రవహిస్తూనే ఉంది. దారిలో ఆగి నీళ్లు పోసే అవసరం తీరిపోయింది. వేడిని కనిపెట్టుకుని ఉండవలసిన బాధ్యత మాత్రం నడిపేవారికి ఇంకా తీరలేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. థర్మోసైఫన్ పద్ధతిని ఇంటి ఉదాహరణతో వివరించండి.
2. హైదరాబాదు భౌగోళిక స్థితి ఇంజను శీతలీకరణను ఎలా ప్రభావితం చేస్తుంది?
3. మీ ప్రాంతంలో పాతకాలపు లారీ లేదా బస్సు డ్రైవరును కలిసి, రేడియేటరు గురించి ఆయన తీసుకున్న జాగ్రత్తలను అడిగి ఒక పేజీ రాయండి.