మానాచ్ఛాదనము: క్రైస్తవ కుటుంబములందలి వావివరుసలు

ఇరువురు తెలుగువారు కొత్తగా కలిసికొన్నచో ఊరు, పేరు అడిగిన పిదప విచారించుకొనునది వరుస. మన సంఘమున ఆలయమునకు బోవువారును, చర్చికి బోవువారును ఒక్క ఇంటిపేరుతోనే వర్ధిల్లుచున్నారు. కావున క్రైస్తవ కుటుంబములలో వావివరుసలకు బైబిలు విధించిన మేరలెట్టివో, వాని వెనుకనున్న గౌరవభావమెట్టిదో ఈ సంచికయందు సంఘీయులకు విన్నవింప దలచితిమి.

ఆ మేరలు ముఖ్యముగా లేవీయకాండము 18వ అధ్యాయమున గలవు. అచట హెబ్రీ మూలమున 'ఎర్వా' యను పదము పలుమారు వచ్చును. దాని యర్థము దిగంబరత్వము. తెలుగు బైబిలు అనువాదకులు దానిని 'మానాచ్ఛాదనము' అనిరి. మానమనగా గౌరవము, ఆచ్ఛాదనమనగా కప్పు. మూలపదము దేహమును ముందుగా సూచింపగా, తెలుగు పదము గౌరవమును ముందు నిలిపినది. సంస్కృతము చదివిన మాకు ఈ సమాసము మిక్కిలి యుచితముగా దోచినది.

ఈ ధర్మము విధింపబడుటకు ముందు ఆ వంశమున ఆచారము వేరుగా నుండెనని ఆ గ్రంథములే చెప్పుచున్నవి. అబ్రాహాము భార్యయైన శారా అతని తండ్రికి కుమార్తెయే గాని తల్లికి కుమార్తె కాదు. యాకోబు తన మేనమామయగు లాబాను కుమార్తెలను, లేయా రాహేలుల నిరువురను, భార్యలుగా గొనెను. మోషే తండ్రియైన అమ్రాము తన మేనత్త యోకెబెదును పెండ్లాడెను. పిదప లేవీయకాండము సవతి సోదరిని, మేనత్తను, భార్య జీవించియుండగా ఆమె సోదరిని నిషేధించినది. పూర్వులు చేసినదంతయు అనుసరణీయము కాదని ఆ జాతి తన గ్రంథముననే ఒప్పుకొనినది.

నిషిద్ధుల పట్టికలో తల్లి, సవతితల్లి, మనుమరాలు, పినతల్లి, కోడలు, సోదరుని భార్య గలరు. వీరిలో పెక్కుమంది ఒక్క గృహపు నీడలో, ఒక్క పెద్ద యధికారమునకు లోబడి బ్రదుకువారు. తలుపుగడియ వారిని కాపాడలేదు, వావియే కాపాడవలెను.

మరి మేనరికము మాటయేమి? మేనమామ బిడ్డను, మేనత్త బిడ్డను లేవీయకాండము నిషేధింపలేదు. మన బోధాయనుడును ఇట్టి వివాహమును దాక్షిణాత్యుల ఆచారముగా తన ధర్మసూత్రమున పేర్కొనెను. అక్క కూతురి పేరు ఆ పట్టికలో లేదు. కాని ఇంగ్లండున ఆర్చిబిషప్పు మాథ్యూ పార్కరు 1563లో సిద్ధపరచిన పట్టిక ఆమెను గూడ నిషిద్ధులలో జేర్చినది. రోమను కథోలిక సంఘము తన 1983 నాటి ధర్మసంహిత ననుసరించి మేనరికమునకు సైతము ప్రత్యేకానుమతి కోరును. కాబట్టి ఒకే యూర ఒక చర్చివారికి చెల్లిన సంబంధము వేరొక చర్చివారికి చెల్లకపోవచ్చును. వివాహవిషయమున శాఖాభేదములు కలవు. ఇంటిలోని బలహీనుల మానమును కాపాడుటలో మాత్రము భేదము లేదు.

ఆ మేర దాటినపుడు జరుగునది రెండవ సమూయేలు గ్రంథము 13వ అధ్యాయము చెప్పును. దావీదు రాజు కుమారుడు అమ్నోను రోగమని నటించి, వంట చేసి పెట్టుటకు సవతి చెల్లెలు తామారును పంపుమని తండ్రిని గోరెను. ఈ కపటోపాయము చెప్పినవాడు పెదతండ్రి కొడుకు యోనాదాబు. తెలియక పంపినవాడు తండ్రి. బలాత్కారము జరిగిన పిదప తామారు రాజకన్యలు ధరించు వస్త్రమును చింపుకొని, తలపై బూడిద పోసికొని, ఎలుగెత్తి యేడ్చుచు వెడలినది. ఆమె దాచలేదు, దాచినవారు పురుషులు. అన్నయగు అబ్షాలోము ఊరకుండుమనెను. తండ్రి కోపించెను గాని దండింపలేదు. రెండేండ్లు గడచిన తరువాత అబ్షాలోము అమ్నోనును చంపించెను. కాలాంతరమున తండ్రిపైననే తిరుగబడి తానును హతుడయ్యెను.

క్రీస్తు శకము మొదటి శతాబ్దమున కొరింథు సంఘములో ఒకడు తండ్రి భార్యను ఉంచుకొనెను. పౌలు తన లేఖలో వానిని మాత్రమే కాక, ఎరిగియు ఊరకున్న సంఘమును గూడ మందలించెను.

ఈ రెండు వృత్తాంతములను బట్టి మాకు దోచునది యొక్కటి. మానాచ్ఛాదనము బాధితురాలి మానమును కప్పునది. అపరాధి దోషమును కప్పునది కాదు. మేము ఉపాధ్యాయులుగా నున్న కాలమున ఒక బాలిక బడికి వచ్చుట మానినది. వాకిట నిలిచి కారణమడుగగా, "పరువుగల యిల్లు, అడుగకుడు" అను ప్రత్యుత్తరము వచ్చినది. నాడు మేమును మిన్నకుంటిమి. అది మా దోషమని నేడు ఒప్పుకొనుచున్నాము.

లైంగిక నేరములనుండి బాలలను రక్షించుటకై మన దేశమున 2012లో చేసిన చట్టము బంధువు చేసిన యపరాధమును మరింత ఘోరముగా నెంచినది. తెలిసియు తెలుపనివానిని శిక్షార్హునిగా జేసినది. ఏ మతమువారి యింటనైనను ఒక బిడ్డ నోరు విప్పినచో, ఊరకుండుమనక వినుట మన తొలి ధర్మమని సంఘ పెద్దలకు సవినయముగా మనవి చేయుచున్నాము.