గోదావరి డెల్టా గ్రంథాలయాల ఆన్‌లైన్ సేవలు

గోదావరి డెల్టా పుస్తకాలు ఆన్‌లైన్‌కు ఎక్కింది కొవిడ్ వల్ల కాదు. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలై పఠన మందిరాలకు తాళాలు పడేనాటికే రాజమహేంద్రవరం శ్రీ గౌతమీ ప్రాంతీయ గ్రంథాలయం పుస్తకాలు చాలా అంతర్జాలంలో ఉన్నాయి. 1898లో నాళం కృష్ణారావు నెలకొల్పిన ఈ గ్రంథాలయం పాత తెలుగు ముద్రణలకు పెట్టింది పేరు. వాటిని డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం కింద స్కాన్ చేశారు.

ఆ స్కాన్లు ముచ్చటగా ఏమీ ఉండవు. పేజీ ఓరగా పడివుంటుంది, అట్ట మీద గ్రంథాలయం ముద్ర అలికినట్టుంటుంది, అక్కడక్కడ ఓ పుట గల్లంతు. అంతకంటే పెద్ద చిక్కు పుస్తకాల పేర్లతో వచ్చింది. వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించారు. తెలుగులో వెతికితే దొరకవు. దీర్ఘానికి ఒక 'ఎ' వేశారో, రెండు వేశారో పాఠకుడే ఊహించుకోవాలి. తెలుగు వికీపీడియా, వికీసోర్స్ ఔత్సాహికులు కూర్చుని చాలా పేర్లను తెలుగు లిపిలోకి మార్చి జాబితాలు కట్టారు. 2017 ప్రాంతంలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వెబ్‌సైటు నిలిచిపోయినా ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో నకళ్లు మిగిలాయి. లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చున్న పాఠకుడికి అక్కరకొచ్చినవి అవే.

ఏ పుస్తకం ఉచితంగా పెట్టవచ్చన్నది కాపీరైటు తేలుస్తుంది. మన దేశంలో రచయిత మరణించాక 60 ఏళ్లు ఆగాలి. రాజమహేంద్రవరంలో స్థిరపడ్డ శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 1961లో కన్నుమూశారు; ఆయన జీవించివుండగా అచ్చయిన కథలకు 2022 జనవరి 1న ఆ గడువు తీరింది.

కాపీరైటు తీరినా డబ్బు సంగతి మిగులుతుంది. స్కానింగు ఒక్కసారి ఖర్చు. సర్వరు, సూచిక, చెడిన పుటల మరమ్మతు ఏటేటా ఖర్చు. జిల్లా గ్రంథాలయ సంస్థల ప్రధాన ఆదాయం 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల సెస్సు. వసూలైన సెస్సును పంచాయతీలు, మునిసిపాలిటీలు సమయానికి జమచేయవన్నది పాత ఫిర్యాదే. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే జాతీయ డిజిటల్ లైబ్రరీ ఉంది కానీ, డెల్టా ఊళ్లలో మిగిలిన అరుదైన ప్రతులను అందులోకి చేర్చే పని ఇక్కడివాళ్లే చేయాలి.

లాక్‌డౌన్ ముగిసి తలుపులు తెరిచాక పఠన మందిరాలకు తిరిగొచ్చినవాళ్లలో పోటీ పరీక్షల అభ్యర్థులు ఎక్కువ. చేతిలో ఫోన్, సంచిలో సొంత పుస్తకాలు. గ్రంథాలయంలో వాళ్లు అడిగేది కుర్చీ, ఫ్యాను, ఆ రోజు పేపరు.