తాటిదోనె తొలిమెట్టేనా?

పడవల చరిత్ర రాసేవారు సాధారణంగా ఒక వరుస చెబుతారు. ముందు తేలే దుంగ, తర్వాత తొలిచిన మాను, ఆపై పలకల పడవ, చివరికి ఓడ. ఈ లెక్కన పలకలు కోయడం నేర్చిన చోట మానుపడవ కనుమరుగు కావాలి. కృష్ణా గోదావరుల మధ్య అలా జరగలేదు; అక్కడ తాటిమానును తొలిచిన దోనె నిలిచింది. ఎందుకు జరగలేదన్న ప్రశ్నకు మన పుస్తకాల్లో సరైన జవాబు కనిపించదు.

మానుపడవ ప్రాచీనత గురించి వివాదం లేదు. నెదర్లాండ్స్‌లోని పెస్సె దగ్గర 1955లో దొరికినదానికి సుమారు 10,000 ఏళ్లు, నైజీరియాలోని దుఫునాలో 1987లో బయటపడినదానికి సుమారు 8,000 ఏళ్లు. క్రీ.శ. 1వ శతాబ్దంలో కేరళ మిరియాలు రేవుకు చేరింది మానుపడవల్లోనేనని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. 2వ శతాబ్దపు శాతవాహన నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ ఉంది. అంటే ఓడలు నడిచిన కాలంలోనే మానుపడవలూ నడిచాయి.

అసలు తగవు జంట దోనెల దగ్గర వస్తుంది. రెండు దోనెలను పక్కపక్కన చేర్చి అడ్డకొయ్యలతో బిగిస్తే అది సంగడి. మద్రాసు మత్స్యశాఖలో పనిచేసిన జేమ్స్ హోర్నెల్ 1920లో భారతీయ పడవల మీద రాసిన గ్రంథంలో, దక్షిణ తీరపు పడవ పనితనం వెనక పాలినీషియన్ల ప్రభావం ఉందని వాదించాడు. ఆయన పరిశీలన అపారం; ఆ రుణం తీర్చలేనిది. పక్కన తేలుకొయ్య కట్టే పద్ధతి సముద్రం దాటి వచ్చి ఉండవచ్చని నేనూ ఒప్పుకుంటాను. జంట కట్టడానికి మాత్రం పరదేశి గురువు అక్కర్లేదు. అందుకు సాక్ష్యం తాటిచెట్టే.

చాలా చెట్లలో చేవ నడుమన ఉంటుంది. తాడిలో చేవ అంచున, మెత్తన లోపల. తొలిచేవాడు తీసేది మెత్తన, మిగిలేది చేవ. ఇంత అనువైన మాను మరొకటి లేదు. అయితే కొన్ని జాతుల మానులను తొలిచాక తడిపి, సెగ చూపి, వెడల్పు చేసినట్టు తాడిని సాగదీయలేరు. మాను లావు ఎంతో దోనె వెడల్పూ అంతే. ఒంటి దోనెలో మనిషి గెడ వేసుకుంటూ పోగలడు. బరువు పెడితే ఒరుగుతుంది. వెడల్పు కావాలంటే రెండోదాన్ని జత చేయాల్సిందే.

క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు గ్రంథం పెరిప్లస్ తూర్పుతీరంలో పెద్ద పెద్ద మానుపడవలను జతకట్టి నడిపేవారని చెబుతుంది. దాన్ని మన సంగడికి నేరుగా ముడిపెట్టే తొందర తగదు. ఆ మాట వచ్చిన చోట పేర్కొన్న రేవులు తమిళ తీరానివి. పడవలు తాడికి మించినంత పెద్దవి. అయినా జత కట్టే పద్ధతి ఈ తీరంలో అప్పటికే స్థిరపడిందని చెప్పడానికి ఆ సాక్ష్యం చాలు.

దోనె నిలవడానికి మొదటి కారణం ఆ చెట్టయితే, రెండో కారణం నీరు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చి పోసే నీటితో నిండే కొల్లేరు సరస్సు లోతు తక్కువ, నాచూ తుంగా ఎక్కువ. అడుగు లోతుగా దిగే పడవ అక్కడ చిక్కుకుంటుంది. నున్నని తాటిమాను జారిపోతుంది. గట్టున చెట్టు, చేతిలో బాడిస, ఎదురుగా లోతులేని నీరు. ఈ మూడూ ఉన్నంతకాలం పలకల పడవ దోనెను తోసేయలేకపోయింది. దీన్ని వెనకబాటు అనడం అన్యాయం.

దోనెను దెబ్బతీసింది మెరుగైన పడవ ఒక్కటే కాదు. చేపల చెరువుల గట్లు సరస్సును ముక్కలు చేశాయి. 1999లో అభయారణ్యం, 2002లో చిత్తడి నేలలకిచ్చే రామ్సర్ గుర్తింపు, 2006లో గట్ల కూల్చివేత వచ్చాయి; అయినా ఆక్రమణల తగవు తెగలేదు. ఫైబర్ పడవకు మారిన జాలరిని తప్పుపట్టను. అది తేలిక, పుచ్చదు. నా అభ్యంతరం వేరు. పారే నీటిని గట్లకు వదిలేసి, ఒక దోనెను తెచ్చి మ్యూజియంలో పెట్టి వారసత్వం కాపాడామనుకోవడం సరికాదు. దోనె చరిత్ర కొల్లేటి నీటి చరిత్రలో భాగం. సరస్సును సరస్సుగా ఉంచే పని వదిలేసి చేసే ఏ పరిరక్షణనూ నేను పరిరక్షణగా లెక్కించను.