వెడల్పు కాదు, లోతే లెక్క

నిండిన చెరువు కట్ట మీద నిలబడి చూస్తే, కనుచూపు మేర పరుచుకున్న ఆ నీళ్లన్నీ కలిసి కట్టను తోస్తున్నాయనిపిస్తుంది. నిజానికి కట్ట లెక్కలోకి వచ్చేది తన పాదం దగ్గర నీళ్లెంత లోతున్నాయన్నదొక్కటే. అలల తాకిడిని పక్కనపెడితే, నీళ్లు వెనక్కి అర కిలోమీటరు పరుచుకున్నా పది కిలోమీటర్లు పరుచుకున్నా ఒత్తిడి ఒకటే. మీటరు లోతు పెరిగితే చదరపు మీటరుకు ఒక టన్ను బరువు పెరుగుతుంది. చెప్పడానికి ఇంత సులువైన ఈ సంగతి మనిషి బుద్ధికెక్కడానికి చాలాకాలం పట్టింది.

లెక్క తెలియకముందే కట్టలు కట్టినవాళ్లకు నీటి స్వభావం తెలుసు. కడప సీమలోని పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించిన ఆ చెరువు గురించి చెబుతూ, మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలనూ ఉండకూడని 6 దోషాలనూ శాసనం ఏకరువు పెడుతుంది. కట్టలోంచి నీరు ఊరడం ఆ దోషాల్లో ఒకటి. అడుగున చిన్న ఊటగా మొదలైంది బుంగగా మారి కట్టనే తీసుకుపోతుందని తరతరాల అనుభవం నేర్పింది. ఎందుకన్నది మాత్రం ఇంకా తేలలేదు.

నీటిలో మునిగిన వస్తువును నీరు పైకి తోస్తుందని క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలోనే ఆర్కిమిడీస్ రుజువు చేశాడు. లోతు రహస్యాన్ని సూటిగా పట్టుకున్నది మాత్రం సైమన్ స్టెవిన్. నీటితో నిత్యం పోరాడే నెదర్లాండ్స్‌లో ఇంజనీరుగా పనిచేసిన ఆయన, 1586లో డచ్చి భాషలో నీటి బరువు మీద పుస్తకం అచ్చువేశాడు. ఆయన వాదన ముచ్చటైనది. పాత్రలో నీళ్లున్నాయి. అందులో కొంత భాగం అదే బరువుతో గట్టిపడి, పాత్ర గోడలకు అతుక్కుపోయిందనుకోండి. అడుగుకు ఏ తేడా తెలియదు. అప్పుడు మిగిలింది సన్నని నీటి పోగు మాత్రమే, అయినా అడుగు మీద ఒత్తిడి మునుపటిదే. అంటే నీళ్లెన్ని ఉన్నాయన్నది కాదు, ఎంత ఎత్తున నిలిచాయన్నదే ప్రధానం. నిలువు గోడను అడ్డంగా పట్టీలు పట్టీలుగా విడగొట్టి, గోడ మీద పడే మొత్తం తోపును కూడా ఆయనే లెక్కకట్టాడు.

నీటి మీద గాలి బరువు కూడా ఉందన్న మాట తరువాతి తరం చెప్పింది. 1644లో టోరిచెల్లి, మనం గాలి సముద్రం అడుగున బతుకుతున్నామని రాశాడు. తూములోంచి నీళ్లు దూకే వేగం పైనున్న లోతును బట్టి ఉంటుందని, లోతు నాలుగింతలైతే వేగం రెండింతలవుతుందని తేల్చినవాడూ ఆయనే. 1648లో పాస్కల్ కోరిక మీద ఆయన బావ పెరియే పాదరసపు గొట్టాన్ని పుయ్ ద డోమ్ కొండ మీదికి మోసుకెళ్లాడు. పైకి వెళ్లేకొద్దీ పాదరసం దిగింది. నిలకడగా ఉన్న ద్రవంలో ఒత్తిడి అన్ని దిక్కులకూ సమానంగా అందుతుందని వివరించిన పాస్కల్ గ్రంథం, ఆయన పోయాక 1663లో వెలువడింది. దీంతో చెరువు లెక్క పూర్తయింది. పైన గాలి ఒక వాతావరణ పీడనం, ఆ తరువాత సుమారు ప్రతి పది మీటర్లకూ మరొకటి. 3,800 మీటర్ల ఎత్తునున్న టిటికాకా సరస్సులో పైనున్న గాలే పలచన కనుక, అక్కడ ఆరేడు మీటర్లు మునిగితేనే ఒత్తిడి రెట్టింపవుతుంది.

సిద్ధాంతం కట్టడాల్లోకి రావడానికి మరో రెండు శతాబ్దాలు పట్టింది. పది మీటర్ల లోతు నీళ్లు మీటరు వెడల్పు గోడను 50 టన్నుల బలంతో తోస్తే, ఇరవై మీటర్లు 200 టన్నులతో తోస్తాయి. 1853లో ఫ్రెంచి ఇంజనీరు సాజీయి ఇలాంటి లెక్కల ఆధారంగా రాతి ఆనకట్ట ఆకారాన్ని నిర్ణయించే పద్ధతి చూపించాడు. పైన సన్నగా, కింద వెడల్పుగా ఉండే రూపం అలా స్థిరపడింది.

అయినా ఒక దిక్కు మరిచిపోయారు. 1895 ఏప్రిల్ 27న ఫ్రాన్స్‌లో బూజే ఆనకట్ట తెగి 80 మందికి పైగా చనిపోయారు. రాతికట్టులోని పగుళ్లలోకి దూరిన నీరు, పక్కకే కాక పైకి కూడా తోసి, గోడ బరువును కాజేసింది. అన్ని దిక్కులకూ అన్న పాస్కల్ మాటను ఇంజనీర్లు పూర్తిగా పట్టించుకున్నది ఆ దెబ్బ తరువాతే. ఈనాటి పెద్ద ఆనకట్టల కడుపులో మనిషి నడవగలిగే గ్యాలరీలు, వాటిలో ఊట నీటిని బయటికి లాగే రంధ్రాలు ఉన్నది అందుకే. 124 మీటర్ల నాగార్జునసాగర్ రాతి ఆనకట్ట దగ్గర వంద మీటర్ల లోతు నీరు నిలిచిన చోట, గోడలో ప్రతి మీటరు వెడల్పు మీదా పడే తోపు 5,000 టన్నులు.

ఒత్తిడి కట్టలనే కాదు, నీటిలో ఏముండాలో కూడా శాసిస్తుంది. కామెరూన్‌లోని న్యోస్ సరస్సు అడుగున, 200 మీటర్ల లోతు ఒత్తిడికి బొగ్గుపులుసు వాయువు నీళ్లలో కరిగి అణిగి ఉండేది. 1986 ఆగస్టు 21న అడుగు నీరు పైకి కదిలి, ఒత్తిడి తగ్గి, వాయువు ఒక్కసారిగా బయటపడింది. 1,700 మందికి పైగా ఊపిరాడక చనిపోయారు. 2001లో అడుగుదాకా గొట్టం దించి వాయువును కొద్దికొద్దిగా వదలడం మొదలుపెట్టారు. మొదట్లో పంపుతో తోడితే చాలు, ఆ తరువాత నురగలెత్తే వాయువే నీటిని పైకి లాగుతుంది.

ఇప్పుడు లెక్క తిరగబడింది. లోతు నుంచి ఒత్తిడి కట్టే బదులు, జలాశయం అడుగున ఉంచిన సెన్సార్ ఒత్తిడిని చదివితే దాని నుంచి నీటిమట్టం కడుతున్నారు. అందులోంచి గాలి బరువు తీసెయ్యకపోతే, భారమితి మారినప్పుడల్లా చుక్క వాన పడకుండానే మట్టం పెరిగినట్టు, తూము తియ్యకుండానే తగ్గినట్టు చూపిస్తుంది.