సర్కారు తపాలా బిళ్లలు: చరిత్రలోనూ, ఆల్బములోనూ

తపాలా బిళ్ల కొలతకు రెండు వ్రేళ్ల వెడల్పు ఉండదు. కాని దేశచరిత్రలో ఒక్కొక్క ఘట్టాన్ని అది తన వీపున మోసుకొని వచ్చింది. మన ఇళ్లలో పిల్లలు స్టాంపులు కూర్చుకొనేటప్పుడు పక్షులు, పువ్వులు, రైలు ఇంజన్లు, మహానుభావుల బొమ్మలు గల వాటిని ముందు పేజీలలో పెడతారు. "సర్వీస్" అని అచ్చుపడిన బిళ్లలను మాత్రం, బొమ్మ చెడిపోయిందనుకొని, వెనుక ఒక కవరులో పడవేస్తారు. ఆ కవరులో పడి ఉన్న వాటి చరిత్ర ఏమిటో, ఆల్బములో వాటిని ఏ వరుసలో నిలపాలో చెప్పుట ఈ వ్యాసం ఉద్దేశం.

మొదట ఒక ప్రశ్న వేసుకోవాలి. తపాలా శాఖ సర్కారుదే. ఉత్తరం వ్రాసే కచేరీ కూడ సర్కారుదే. అటువంటప్పుడు బిళ్ల ఎందుకు? ఈస్టిండియా కంపెనీ నాడు సరిగా ఇదే వాదం నడిచింది. అధికారుల ఉత్తరాలు రుసుము లేకుండ పోయేవి. ఉచితమన్న చోట మితం ఉండదు గదా! సొంత ఉత్తరాలు కూడ దొరతనం సంచిలో చేరిపోయేవి. సామాన్యుడు ఇచ్చే రుసుముతోనే ఆ బరువంతా మోయవలసి వచ్చేది. 1854లో తపాలా చట్టం వచ్చి, ఆ సంవత్సరం అక్టోబరు 1 నుంచి దేశమంతటికీ ఒకే తీరు బిళ్లలు అమలులోనికి వచ్చినవి. అర్ధణా బిళ్లతో ఎంత దూరమైనా ఉత్తరం పంపుకొనే వీలు కలిగింది. దానితో ఉచిత ప్రయాణపు హక్కుకు కూడ చివరి రోజులు మొదలైనవి. ఏ కచేరీ ఎన్ని ఉత్తరాలు పంపిందో, ఎంత ఖర్చు చేసిందో లెక్క తేలాలంటే వేరే బిళ్ల కావాలి. 1866లో అది పుట్టింది.

పుట్టడమంటే కొత్త బొమ్మ చెక్కించలేదు. విక్టోరియా రాణి తల గల మామూలు బిళ్లల మీదనే చిన్న అక్షరాలతో "సర్వీస్" అని, చివర ఒక చుక్కతో, నల్లసిరాతో అచ్చువేశారు. దీనినే పైముద్ర అనుకోవచ్చును. చాలినన్ని బిళ్లలు లేనప్పుడు రెవెన్యూ బిళ్లల మీద పైముద్ర వేసి తపాలాకు వాడుకొన్న సందర్భం కూడ ఆ 1866లోనే ఉన్నది. 1874 నుంచి పైముద్ర మారి "ఆన్ హెచ్. ఎం. ఎస్." అయింది. రాణి కొలువు పని మీద అని దాని భావం. 1901లో రాణి పోయి ఎడ్వర్డు రాజు వచ్చినా అక్షరాలు మార్చవలసిన అవసరం కలుగలేదు. ఇంగ్లీషులో రాణికైనా రాజుకైనా ఆ పొడి అక్షరాలు ఒకటే. అయిదవ జార్జి కాలంలో, 1912 నుంచి, మరల "సర్వీస్" అన్న మాటే పెద్ద అక్షరాలతో వచ్చింది. 1939లో ఆరవ జార్జి తలతో, "సర్వీస్" అన్న మాట బొమ్మలోనే కలిసి ఉన్న ప్రత్యేక బిళ్లలు వెలువడినవి. సర్కారు బిళ్లకు సొంత రూపం రావడానికి డెబ్బది మూడేండ్లు పట్టింది!

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత ఒక విచిత్రం జరిగింది. 1948 ఆగస్టు 15న గాంధీ మహాత్ముని స్మారకంగా నాలుగు బిళ్లలు వెలువడినవి: అణాన్నర, మూడున్నర అణాలు, పన్నెండణాలు, పది రూపాయలు. వీటిని స్విట్జర్లండులో అచ్చువేయించారు. వాటిలో నూరు సెట్ల మీద మాత్రం "సర్వీస్" పైముద్ర వేసి గవర్నరు జనరలు కచేరీకి ఇచ్చారు. అప్పుడు ఆ పదవిలో ఉన్నవారు రాజగోపాలాచారిగారు. ఆ పది రూపాయల బిళ్లలు నాలుగు కలిసి ఉన్న ఒక పట్టీ 2017లో అయిదు లక్షల పౌన్లకు అమ్ముడుపోయింది. కొల్లాయి కట్టిన మహాత్ముని బొమ్మకు ఇంత వెల! కనుకనే ఈ పైముద్రకు దొంగ నకళ్లు కూడ ఎక్కువ. ఎవరైనా చౌకగా ఇస్తామంటే ఆశపడక, నిపుణుల ధ్రువపత్రం అడగవలెను.

1950లో రాజు తల పోయి, అశోకస్తంభంలోని సింహాలు సర్వీసు బిళ్లల మీదికి వచ్చినవి. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు అమలు కాగా అణాలు పోయి నయాపైసలు వచ్చినవి. 1964లో "నయా" కూడ పోయి ఉత్త పైసలు మిగిలినవి. ఒకే సింహాల బొమ్మ క్రింద అణా, నయాపైస, పైస అన్న మూడు లెక్కలను వరుసగా పెట్టి చూపితే, మన నాణేల చరిత్ర పిల్లవానికి ఒక్క పేజీలో అర్థమవుతుంది.

ఇక సంస్థానాల సంగతి. హైదరాబాదు రాజ్యానికి 1869 నుంచి సొంత బిళ్లలు ఉండేవి. 1873 నుంచి కచేరీ ఉత్తరాలకు ఉర్దూ లిపిలో "సర్కారీ" అని పైముద్ర వేశారు. నిజాం బిళ్లల మీద వెల ఉర్దూ, ఇంగ్లీషు, మరాఠీ భాషలతోపాటు తెలుగులో కూడ ఉండేది. తెలుగువారమైన మనకు ఇంతకంటె ప్రియమైన విషయమేమి కావలెను? 1931 నాటి వరుసలో చార్మినారు, హైకోర్టు, ఉస్మాన్‌సాగరు, అజంతా గుహల ద్వారం, బీదరు విద్యాలయం, దౌలతాబాదు విజయస్తంభం కనబడతాయి. వాటి మీద కూడ "సర్కారీ" ముద్ర పడింది. 1950 ఏప్రిల్ 1 నుంచి అక్కడ భారత బిళ్లలే చెల్లుబాటు అయినవి. బీదరు, రాయచూరు, గుల్బర్గా, నాందేడు, ఔరంగాబాదు ప్రాంతాలు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలోనివే. ఆ ఊళ్లలో తరతరాలుగా ఉన్న మన కుటుంబాల పాత పెట్టెలలో తాసీలు కచేరీ నుంచి వచ్చిన కవరు ఏదైనా ఉంటే దాని మీద ఈ ముద్ర ఉండవచ్చును.

దక్షిణాన తిరువాన్కూరు బిళ్లల మీద శంఖం ఉంటుంది. వారి కచేరీ బిళ్లకు 1911 నుంచి "ఆన్ ఎస్. ఎస్." అని, అనగా సర్కారు సర్వీసు అని, పైముద్ర ఉన్నది. నేటి కన్యాకుమారి జిల్లా 1956 వరకు ఆ ప్రాంతంతోనే కలిసి ఉండేది. కొచ్చిలో 1913 నుంచి "ఆన్ సి. జి. ఎస్." అని వేశారు.

మరి వీటిని ఆల్బములో ఎట్లా అమర్చాలి? రెండు పద్ధతులు వాడుకలో ఉన్నవి. మామూలు బిళ్ల ప్రక్కనే దాని సర్వీసు బిళ్లను పెట్టుట ఒకటి. సర్వీసు బిళ్లలన్నిటిని ఆల్బము చివర వేరు భాగంగా పెట్టుట రెండవది. పెద్ద కేటలాగులు రెండవ దానినే అనుసరిస్తాయి. నా మట్టుకు అదే మేలని తోస్తుంది. ప్రక్కప్రక్కన పెడితే, దొరకని బిళ్లలకు విడిచిన ఖాళీల వల్ల రెండు వరుసలూ తెగిపోతాయి. వేరుగా పెడితే లెక్కల పుస్తకంవలె కథ సాఫీగా నడుస్తుంది.

ఆ భాగంలో మొదట ప్రభుత్వాన్ని బట్టి, తరువాత పైముద్రను బట్టి, ఆపైన రాజును బట్టి, చివర వెలను బట్టి వరుస కట్టవలెను. రెండు బిళ్లలు అచ్చంగా ఒకేలా కనబడినప్పుడు కాగితంలోని నీటిగుర్తు చూడాలి. 1865 నుంచి ఏనుగు తల, 1882 నుంచి నక్షత్రం ఉంటాయి. 1926లో నాసిక్ ముద్రణాలయం పని చేపట్టిన తరువాత అనేక నక్షత్రాల గుర్తు వచ్చింది. బిళ్లను వెలుతురుకెదురుగా పట్టితే ఇది చాలావరకు తెలుస్తుంది.

సర్వీసు భాగం తరువాత ప్రత్యేకమైన పనులకు పుట్టిన బిళ్లలకు తలా ఒక పేజీ ఇవ్వవచ్చును. 1900లో చైనాకు పోయిన సేన కోసం "సి. ఇ. ఎఫ్." అనీ, 1914లో మొదటి ప్రపంచ యుద్ధానికి పోయిన సేన కోసం "ఐ. ఇ. ఎఫ్." అనీ ముద్రలు వేశారు. 1953లో కొరియాకు, 1954లో ఇండోచైనాకు, 1962లో కాంగోకు, 1965లో గాజాకు పోయిన మన సైనికుల కోసం వేసిన ముద్రలు వేరుగా ఉన్నవి. మొదటివి సామ్రాజ్యం కోసం పోయిన పోరు గుర్తులు, తరువాతివి శాంతి కాపాడుటకు పోయిన గుర్తులు. రెంటినీ ఎదురెదురు పేజీలలో పెట్టితే వేరే వ్యాఖ్యానం అక్కరలేదు. 1929 అక్టోబరు నాటి విమానపు టపా బిళ్లలు ఆరింటికి మరొక పేజీ. రైలు కంపెనీలు, బ్యాంకులు తమ బిళ్లలను ఎవరూ అపహరించకుండ పేరులోని పొడి అక్షరాలను చిన్న రంధ్రాలుగా పొడిపించేవి. చిల్లులున్నవని వాటిని పారవేయకుండ, వెనుక నల్ల కాగితం ఉంచితే అక్షరాలు స్పష్టంగా కనబడతాయి.

యానాం సోదరులకు మరొక మాట. ఫ్రెంచి ఇండియా పేరుతో 1892 నుంచి బిళ్లలు వచ్చినవి. 1923లో వాటి వెల కాష్‌లు, ఫనాలు, రూపాయలలోనికి మారింది. ఇరవైనాలుగు కాష్‌లు ఒక ఫనం, ఎనిమిది ఫనాలు ఒక రూపాయి. 1954లో యానాం మన దేశంలో కలిసింది. యానాం తపాలా ముద్ర గల కవరు దొరికితే దానికి ప్రత్యేక పేజీ ఇవ్వతగును.

చివరిగా ముఖ్యమైన సంగతి. సర్వీసు బిళ్లలను సామాన్యులకు అమ్మేవారు కారు. కనుక అవి మన చేతికి ఎక్కువగా వాడిన కవర్ల మీదనే వస్తాయి. ఆ కవరు నుంచి బిళ్లను నీళ్లలో నానబెట్టి ఊడదీస్తే మిగిలేది రంగు కాగితం మాత్రమే. ఏ కచేరీ, ఏ ఊరు, ఏ తేదీ, ఎవరి పేరు అన్నదంతా కవరుతో పోతుంది. పాత కవరును పూర్తిగా, నాలుగు మూలలు పట్టే కాగితపు గుర్రలతో ఆల్బములో నిలపవలెను. జిగురు, అంటించే టేపు వాడరాదు. వానకాలం పోగానే ఆల్బమును నీడలో తెరచి గాలి తగలనీయవలెను.

మాతృదేశం విడిచి వచ్చిన మన పెద్దల సంగతులు శాసనాలలో దొరకవు. భూమి పట్టాకు, ఉద్యోగానికి, బడికి సంబంధించి కచేరీ నుంచి వచ్చిన కవర్లలో దొరుకుతాయి. తాతగారు ఏ సంవత్సరం ఏ ఊరికి చేరారో చెప్పే సాక్షి ఆ బిళ్ల మీది గుండ్రని ముద్రే కావచ్చును. ఉగాదికి ఇల్లు దులిపి, పాత కాగితాలను తూకానికి వేసే ముందు, పెట్టె అడుగున ఒకసారి చూడండి. పిల్లలను కూడ దగ్గర కూర్చోబెట్టుకొని చూడండి.