ముఖ నాడీ పక్షవాతం

ఏడో కపాల నాడి దెబ్బతిని ముఖంలో ఒక పక్క కండరాలు పట్టు తప్పే స్థితి. తిరుపతి, చిత్తూరు పల్లెల్లో ‘మూతి వంకర పోయింది’ అంటారు. కారణం తేలని రకాన్ని బెల్స్ పాల్సీ అంటారు. స్కాట్లాండ్ వైద్యుడు చార్లెస్ బెల్ 1821లో ఈ నాడి పనిని వివరించాడు.

నాడి చెవి దగ్గరి ఎముకలో సన్నటి సొరంగం గుండా వస్తుంది. వాపు వస్తే ఆ ఇరుకులోనే నలుగుతుంది. నుదుటి ముడతలు పోతాయి. కన్ను మూయబోతే గుడ్డు పైకి తిరిగి తెల్లగా కనిపిస్తుంది. పుక్కిలిస్తే నీళ్లు పెదవి మూల నుంచి కారతాయి, అన్నం బుగ్గలో ఇరుక్కుంటుంది. కొందరికి రుచి తగ్గుతుంది, మామూలు చప్పుడూ భరించలేరు.

మెదడు పక్షవాతంలో సాధారణంగా నుదురు కదులుతుంది, మూతి మాత్రమే వంగుతుంది. కాలూ చెయ్యీ బలహీనపడినా, మాట తడబడినా ఒక్క గంట కూడా ఆగకూడదు. కారణాలుగా చెవి ఇన్ఫెక్షన్, అక్కి, కుష్ఠు, మధుమేహం కూడా చూడాల్సినవే.

ఈ పల్లెల్లో చాలామంది ముందు నాటుమందుకే పోతారు. చిక్కేమిటంటే, ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మందు 72 గంటల్లోపు మొదలుపెడితేనే మేలు ఎక్కువ. తిరుపతిలో 1993లో మొదలైన స్విమ్స్ ఆసుపత్రిలో న్యూరాలజీ విభాగం ఉంది. బెల్స్ పాల్సీ వచ్చినవారిలో సుమారు 70 శాతం మంది మందు లేకున్నా పూర్తిగా కోలుకుంటారు. పసరు మందుకు పేరొచ్చింది బహుశా అందుకే. మూతపడని కంటికి మాత్రం పగలు చుక్కలు, రాత్రి లేపనం, పట్టీ తప్పవు. లేకుంటే నల్లగుడ్డు పుండవుతుంది. దెబ్బతిన్న నాడి తిరిగి తప్పుదారిన పెరిగితే నవ్వినప్పుడు కన్ను మూసుకుపోతుంది.