కొమ్ము ఆటకి సిలబస్ ఎవరు రాస్తారు?

భద్రాచలంలో పెద్ద లీడర్ ఎవరైనా దిగితే స్వాగతం ఎలా ఉంటుందో మీరు చూసే ఉంటారు. తల మీద అడవిదున్న కొమ్ములు, నెమలి ఈకలు, మెడలో డోలు. అదే కొమ్ము కోయ నాట్యం. రెండు నిమిషాల రీల్, ఒక సెల్ఫీ, అయిపోయింది. దాని గురించే ఈరోజు మాట్లాడుకుందాం, కానీ ముందు మిమ్మల్ని చికాగో తీసుకెళ్తా.

కాథరిన్ డనమ్ అని ఒకావిడ ఉండేది. 1909లో పుట్టిన నల్లజాతి అమెరికన్. డ్యాన్సర్, పైగా చికాగో యూనివర్సిటీలో ఆంత్రోపాలజీ స్టూడెంట్. 1935లో ఫెలోషిప్ మీద జమైకా, మార్టినిక్, ట్రినిడాడ్, హైతీ తిరిగింది. బానిసలుగా ఓడల్లో తెచ్చిన ఆఫ్రికన్ల వారసులు అక్కడ ఆడే ఆటల్ని చూసి రాసుకోవడమే కాదు, వాళ్ళతో కాలు కలిపింది. తిరిగొచ్చాక చేసిన పనే అసలు పాయింట్. నడుము ఒక లయలో, భుజాలు ఇంకో లయలో కదిలే ఆ పద్ధతిని ఎక్సర్‌సైజులుగా విడగొట్టింది, బ్యాలేతో కలిపింది, డోలు దెబ్బ మీద క్లాసులో నేర్పింది. 2006లో ఆమె పోయినా డనమ్ టెక్నిక్ క్లాసులు ఇంకా నడుస్తున్నాయి.

ఇప్పుడు గోదావరి ఒడ్డుకి వద్దాం. కొమ్ము ఆటలో టెక్నిక్ లేదంటారా? తల మీద పుస్తకం పెట్టుకుని ఒక్కసారి వంగి చూడండి. వీళ్ళు కొమ్ముల బరువు నిలబెట్టుకుంటూ, డోలు వాయిస్తూ, దున్నల్లా ఎదురెదురుగా ఢీకొడతారు. పక్కన ఆడవాళ్ళు భుజాల మీద చేతులేసుకుని వలయంగా కదులుతూ రేలా పాడతారు. కాకపోతే ఇదంతా పెద్దవాళ్ళ ఒంట్లో ఉంది. మా ఫీల్డ్ భాషలో చెప్పాలంటే డాక్యుమెంటేషన్ లేని కోడ్.

సీనియర్ వెళ్ళిపోతే ఏమవుతుందో కూడా చూశాం. మణుగూరు దగ్గర కూనవరానికి చెందిన డోలి కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి సమ్మక్క సారలమ్మ కథ సహా కోయ వీరుల చరిత్ర నోటికొచ్చు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో కన్నుమూశారు.

సరే, సిలబస్ రాసేస్తే సరిపోతుందా? నాకైతే సగమే అనిపిస్తుంది. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక అడవిదున్నని వేటాడటం నేరం, అది కరెక్టే. అంటే కొత్త కొమ్ములు రావు, తాతల నాటివే దాచుకోవాలి. ఇంకా పెద్ద విషయం నేల. ఈ ఆట వేసవిలో విత్తనాల ముందు చేసే భూమి పండుగది, ఊరిది. 2014లో పోలవరం కోసం చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం లాంటి మండలాల్ని ఆంధ్రలో కలిపారు. ముంపులో పోయేవాటిలో కోయ ఊళ్ళు చాలా ఉన్నాయి. స్టూడియోలో అడుగులు నేర్పొచ్చు, ఊరిని నేర్పలేం కదా.

డనమ్‌కి ఇది తెలుసనుకుంటా. 1992లో హైతీ శరణార్థుల్ని అమెరికా వెనక్కి పంపుతుంటే, 82 ఏళ్ళ వయసులో ఆవిడ 47 రోజులు నిరాహార దీక్ష చేసింది.